మోగని బజర్

పదకొండు గంటల నాలుగు నిమిషాలు. తెర మీద ఆ చక్రం మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది, తిరగనీ, దానికేం, దానికి కాలు విరగలేదు, దానికి తమ్ముడు లేడు, పన్నెండింటికి మూసేసే ఫారం దానిది కాదు. పన్నెండు దాటితే విచారణ కమిటీ ఇక ఎవరి మాటా తీసుకోదు, లిఫ్టు జారిపోవడానికి కారణం లిఫ్టు మెకానిక్కే అని రాసేస్తారు, అలా రాసేస్తే మా తమ్ముడు ఈ జన్మలో మరో లిఫ్టు మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. ఇరవై ఏళ్ళుగా వాడికి తెలిసిన పని అదొక్కటే. నా దగ్గర మూడు పేజీల ఉత్తరం ఉంది, మూడు చీటీల ఫొటోలున్నాయి, అవి అక్కడికి చేరితే వాడు బయటపడతాడు, నేను ఇరుక్కుంటాను, ఆ సంగతి వేరే. ముందు చేరాలి కదా. చేరడం లేదు. కనెక్షన్ టైమవుట్, అంటోంది తెర, ఎంతో మర్యాదగా, ఏడోసారి. పిండికట్టు లోపల ఎక్కడో దురద పెడుతోంది, సరిగ్గా వేలు అందని చోట, అదీ ఇప్పుడే.

నిన్న పొద్దుటి దాకా ఈ లాప్‌టాప్‌లో పాత సిస్టమే ఉండేది. ముసలిదైపోయింది, తెరిస్తే తెరుచుకునేసరికి టీ చల్లారేది, చీటీల ఫొటోలు తెరవబోతే గుడ్లు తేలేసేది. అలాగైనా నెట్టుకొచ్చేదాన్ని. కానీ మూడు వారాలుగా మంచం మీద కాలు చాపుకుని కూర్చున్నదాన్ని, ఊరికే ఉండలేను కదా, ఆఫీసులో ప్రింటర్ మొరాయిస్తే అందరూ పిలిచేది నన్నే కదా, ఆ మాత్రం చెయ్యలేనా అని లినక్స్ అనే కొత్త సిస్టమ్ ఎక్కించాను. ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లో దాచి, పాతదాన్ని నున్నగా తుడిచేసి మరీ ఎక్కించాను. ఎంత ముద్దుగా వచ్చిందో, రెండు నిమిషాల్లో తెరుచుకుంది, ఒక్క చప్పుడు లేదు, లోపలి ఫ్యాను కూడా తిరుగుతోందో లేదో తెలియనంత నెమ్మది. నాకు అదే నచ్చింది. నాకు ఎప్పుడూ అదే నచ్చుతుంది. ఆఫీసులో నన్ను సైలెన్స్ మేడం అంటారు, నా వెనకాల అనుకుంటున్నామనుకుంటారు గానీ గది అంతా వినిపించేలా అంటారు. గడువు రేపు పెట్టుకుని ఇవాళ ఇల్లు పడగొట్టి కట్టుకునే మనిషిని ఏమనాలో వాళ్ళకి ఇంకా తెలియదు.

ఫోన్ ఉంటే ఈ గొడవే లేదు. నా ఫోన్ ఆ రోజు లిఫ్టులో నా కాలుతో పాటే పోయింది, ఇప్పుడున్నది పక్కింటావిడ ఇచ్చిన బటన్ల ఫోన్, మాట్లాడటానికి తప్ప దేనికీ పనికిరాదు. మరదలు పొద్దున్నే వచ్చి, నాకు తల దువ్వి, పక్క సర్ది, తను పనిచేసే బడికి వెళ్ళిపోయింది. దాని ఫోన్ ఒక్క పది నిమిషాలు అడిగి ఉంటే అయిపోయేది. నోటి దాకా వచ్చింది, అడగలేదు. ఎందుకు వదినా అని అడుగుతుంది కదా. జడ వేస్తూ వేస్తూ, ఆయనకి ఆ పని తప్ప ఇంకేం రాదు వదినా, డూప్లికేట్ చీటీలు పోయాయంటారు, ఒక్క మేకు పారేసుకోని మనిషి చీటీలెలా పారేసుకుంటారు, అంది. పోలేదమ్మా, దాచాడు, ఆ చీటీల మీద మీ వదిన సంతకం ఉంది కాబట్టి దాచాడు, అని చెప్పాల్సినదాన్ని. జడ బాగా బిగించావే అన్నాను.

సరే, మళ్ళీ మొదటినుంచి. కేబుల్ తీసి పెట్టాను. ఆపి వెలిగించాను. సైట్ల పేర్లకి చిరునామాలు చెప్పే సర్వర్ మార్చాను, గడియారం సరిచూశాను, దేవుణ్ణి కూడా తలుచుకున్నాను. ఆజ్ఞలు టైపు చేసే నల్లటి కిటికీలో పింగ్ కొడితే పలుకుతుంది, ఉన్నావా అంటే ఉన్నా అంటుంది, ముప్ఫై మిల్లీసెకన్లలో, ఒక్కటి కూడా తప్పిపోకుండా. వాతావరణం పేజీ తెరుచుకుంటుంది, విచారణ వాళ్ళ ఫారం కూడా తెరుచుకుంటుంది. చదువుకోనిస్తుంది, పంపనివ్వదు. పంపు అని నొక్కానో, చక్రం, చక్రం, టైమవుట్. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే ఒక చిన్న గొంతు, పాపం ఎన్నోసారి చెబుతోందో ఆ మాట, మా వైపు అంతా బాగానే ఉంది మేడం, పింగ్ వస్తోంది కదా మేడం, అంది. బాగానే ఉందమ్మా, ఉన్నావా అంటే ఉన్నా అంటోంది, అంతకు మించి ఒక్క మాట మొయ్యడం లేదు. ఇంకేమైనా సహాయం కావాలా మేడం. వద్దమ్మా.

చదవనిస్తోంది కాబట్టి చదివాను. ఇలాంటి బాధే పడ్డవాళ్ళు ఒకచోట చేరి మొత్తుకునే పేజీ ఒకటుంది, అందులో గడ్డం తాత అని పేరు పెట్టుకున్న పెద్దమనిషి ఎవరికో జవాబిచ్చాడు. నెట్‌లో ఏది పంపినా ముక్కలు చేసి మూటలు కట్టి పంపుతుంది సిస్టమ్, వాటిలో చిన్న మూటలు వెళ్ళి పెద్ద మూటలు మాయమవుతుంటే, ఇది పెద్దది, నాకు పట్టదు అని చెప్పాల్సినవాడు దారిలో ఎక్కడో చెప్పడం లేదన్నమాట, అన్నాడు. కొన్ని సిస్టమ్‌లు ఆ మౌనాన్ని కనిపెట్టి, తమంతట తామే మూటలు చిన్నవి చేసుకుని సర్దుకుపోతాయి, లినక్స్‌కి ఆ అలవాటు నేర్పితే తప్ప రాదు, దానికి ఎవరో ఒకరు నోరు విప్పి చెప్పాలి, అన్నాడు. బాగుంది తాతా, ఎవరు చెప్పాలి, ఎవరికి చెప్పాలి, నాకు ముప్పావు గంట కూడా లేదు. మూట చిన్నది చెయ్యాలన్న మాట ఒక్కటే బుర్రకెక్కింది.

చిన్నది చెయ్యాలంటే ఏదో ఒకటి తీసెయ్యాలి. చీటీలు తియ్యలేను, అవే వాడి ప్రాణం. మొదటి పేజీ నేనెవరో, రెండోది ప్రమాదం ఎలా జరిగిందో. మూడో పేజీ ఉందే, దాని మీదికి వెళ్ళింది నా చెయ్యి, ముందే అనుకున్నట్టు. మూడో పేజీ లేకపోయినా వాడు బయటపడతాడు కదా, చీటీలు చాలు కదా, చూశాను గానీ పై వాళ్ళకి పంపడం మరిచిపోయాను అంటే మతిమరుపు కింద పోతుంది, ఉద్యోగం కూడా మిగులుతుందేమో, ఇదంతా మూట బరువు తగ్గించడానికే గానీ వేరే ఉద్దేశం ఏమీ లేదు. తీసేశాను. పంపు నొక్కాను. చక్రం. టైమవుట్. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకు సిగ్గుతో పాటు ఇంకోటి కూడా కలిగింది, అమ్మయ్య అనిపించింది. వెళ్ళకపోతే నా తప్పు కాదు కదా, నెట్ తప్పు, లినక్స్ తప్పు, నేను ఎన్నిసార్లు నొక్కానో కావాలంటే లెక్కపెట్టుకోండి. ఛీ, ఏం మనిషిని.

నా బల్ల లిఫ్టు పక్కనే. కింది అంతస్తులో రికార్డు గది, గుమ్మానికి ఇటు నేను, అటు లిఫ్టు. పాత లిఫ్టు, ఎనిమిది మందికి మించి ఎక్కితే బజర్ కొడుతుంది, బజర్ కొడుతుందే గానీ లిఫ్టు తనంతట తాను ఆగదు, దిగాల్సింది మనమే. ఎవరు దిగుతారు, ముందు నువ్వు దిగు అంటే నువ్వు దిగు అని లోపల నవ్వుకుంటూ నిలబడతారు, అది రోజుకి నలభై సార్లు అరుస్తూ ఉంటుంది, పంటి మీద పిన్నీసుతో గీకినట్టు. పై వాళ్ళకి చెప్పాను, నవ్వారు. ఒక సాయంత్రం అందరూ వెళ్ళాక మీటల పలక కింద రెండు మరలు విప్పి, కత్తెరతో టక్కున తీగ కత్తిరించాను. చివరలకి టేపు చుట్టాను, మడిచాను, బయటికి వేలాడకుండా దారంతో కట్టాను, పలక బిగించాను. మర్నాడు ఎంత ప్రశాంతం. ఆ వారమంతా నేను నలుగురితో నవ్వుతూ మాట్లాడానట, అటెండరు చెప్పాడు.

నెలకోసారి లిఫ్టు చూడటానికి వచ్చేది మా తమ్ముడే. ఓవర్‌లోడ్ బజర్ పనిచెయ్యడం లేదు, బాగుచేసేదాకా లిఫ్టు ఆపాలి, అని చీటీ రాసి నా బల్ల మీద పెట్టాడు. బాగుచెయ్యడానికి ఆఫీసు అనుమతి కావాలి, ఆ కాగితం నా చేతి మీదుగానే పైకి వెళ్ళాలి. చూశాను, అని రెండు కాపీల మీదా సంతకం పెట్టి, తేదీ వేసి, ఒకటి వాడికిచ్చి, రెండోదానికి అలవాటుగా ఫొటో తీసి లాప్‌టాప్‌లో దాచుకుని, ఫైల్లో గుచ్చాను. తర్వాతి నెల ఇంకోటి. ఆ తర్వాతి నెల ఇంకోటి, ఈసారి ఆపాలి అన్న మాట కింద రెండు గీతలు గీశాడు. వెళ్ళబోతూ, అక్కా, నువ్వు మెట్ల మీద వెళ్ళు, అన్నాడు. మోకాళ్ళు నొప్పిరా అన్నాను. పై అంతస్తు ఫైళ్ళు కిందికి దించిన రోజు పెట్టెల మీద పెట్టెలు నేనే పేర్పించాను, ఇంకోటి పడుతుంది, ఇంకోటి పడుతుంది అని. లిఫ్టు కిక్కురుమనలేదు. మూడో అంతస్తు దాటాక కాళ్ళ కింద నేల మెత్తబడింది, బ్రేకు పట్టు జారి అంతస్తున్నర కిందికి జారి ఆగింది, పెట్టెలు నా మీద పడ్డాయి. నేనొక్కదాన్నే ఉన్నాను. ఇంకెవరైనా ఉండి ఉంటే, అన్న చోటికి రాగానే నా ఆలోచన రోజూ వెనక్కి తిరిగిపోతుంది, ఇప్పుడూ తిరిగింది.

చప్పుడంటే నాకెందుకంత పడదో అడిగితే చెప్పలేను అంటాను గానీ తెలుసు. నాన్నకి రాత్రి డ్యూటీ, ప్రెస్సులో. పగలంతా నిద్ర, ఉన్నది ఒకటే గది. అమ్మ పనికి వెళ్ళేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, నాన్న లేవకూడదు, అనేది. నాకు పదేళ్ళు, వాడికి మూడు. చెంచా కింద పడకూడదు, తలుపు కిర్రుమనకూడదు, వాడు ఏడవకూడదు. ఏడుపు మొదలవ్వకముందే వాడి ముఖం ఒకలా అవుతుంది, అది కనిపెట్టి నోటి మీద చెయ్యి పెట్టేదాన్ని, మెత్తగానే పెట్టేదాన్ని, చప్పుడు చెయ్యొద్దురా బంగారం అని చెవిలో చెప్పేదాన్ని. నా అరచేతిలో వాడి ఊపిరి వేడిగా, తడిగా. వాడికి ఎవరో మూడు చక్రాల సైకిల్ ఇచ్చారు, దానికి గంట ఉంది. గంట లోపలి నాలుకకి దారం కట్టేశాను. వాడు వేలితో నొక్కుతాడు, అది మోగదు, వాడు నా వైపు చూస్తాడు, మళ్ళీ నొక్కుతాడు. నాలుగో ఏడు వచ్చేసరికి నా చెయ్యి అవసరం లేకపోయింది. వాడు ఏడవడమే మానేశాడు. బుద్ధిమంతుడు అన్నారందరూ, నేనూ మురిసిపోయాను. నాన్న పోయిన రోజు కూడా వాడి కంట్లోంచి నీళ్ళు కారాయి గానీ గొంతు రాలేదు.

బటన్ల ఫోన్ మోగింది, నా ప్రాణం పైకి లేచింది, పదకొండు ఇరవై తొమ్మిది. ఇంకెవరు, వాడే, రోజూ ఈ వేళకే.

"అక్కా."

"ఆఁ."

"నొప్పి ఎలా ఉంది?"

"తగ్గింది."

"తిన్నావా?"

"తిన్నా. నువ్వు?"

"తిన్నా."

ప్రమాదం జరిగిన దగ్గర్నుంచి మా మధ్య వెళ్ళేవి ఈ ఏడు మాటలే, అటు నాలుగు ఇటు మూడు, ఒక్కటి కూడా తప్పిపోవు. ఇంతటితో పెట్టేస్తాడు. కానీ ఇవాళ నేను వదల్లేదు, ఎందుకు అడిగానో నాకే తెలియదు.

"ఒరే, బజర్ మోగకపోతే లిఫ్టు ఏం చేస్తుందిరా, బరువు ఎక్కువైనప్పుడు?"

అటు కుర్చీ జరిపిన చప్పుడైంది.

"ఏం చేస్తుందక్కా, మొయ్యగలిగినంతసేపు మోస్తుంది. లోపలున్నవాళ్ళకి అంతా బాగానే ఉన్నట్టుంటుంది. బరువెక్కువైందని దానికి తెలుసు, చెప్పే దారి లేదు, అంతే. ఎందుకడిగావ్?"

"ఊరికే."

"మందులు వేసుకో."

పెట్టేశాడు. నేను ఫోన్ చేతిలో పట్టుకునే ఉన్నాను. దానికి తెలుసు, చెప్పే దారి లేదు. చెప్పాల్సినవాడు చెప్పడం లేదన్నమాట, అన్నాడు గడ్డం తాత. నా చూపు అలమార మీదికి పోయింది. నల్లటి చిన్న డబ్బా, ఇంటి నుంచి బయటికి పోయేదంతా దాని గుండానే పోవాలి, నాలుగు పచ్చ దీపాలు మిణుకుమిణుకుమంటూ ఎంత అమాయకంగా ఉందో. రెండేళ్ళ కిందట పేపర్లో చదివాను, దొంగలు మీ రూటర్ తలుపు తట్టి చూస్తారు, జవాబిస్తే ఇంట్లో మనుషులున్నారని తెలిసిపోతుంది అని. ఆ రోజే దాని పేజీ తెరిచి కనిపించిన గడులన్నిటికీ టిక్కు పెట్టేశాను, పలకరిస్తే పలక్కు, లోపాల సమాచారం పంపకు, ఎవరికీ ఏమీ చెప్పకు. నేనే. కత్తెర లేకపోయినా పని అదే. పాత సిస్టమ్ రెండేళ్ళుగా ఆ మౌనాన్ని కనిపెట్టి, మూటలు చిన్నవి చేసుకుని, నాకు తెలియకుండా సర్దుకుపోతూ వచ్చింది, నేను దాన్ని ముసలిదని తిట్టుకుంటూ వచ్చాను. కొత్తది వచ్చి ఒక్కరోజులో పట్టుకుంది.

పరీక్ష చేసి చూశాను. నల్ల కిటికీలో వెయ్యి అక్షరాల మూట పంపితే వెళ్ళింది. పద్నాలుగు వందలు, వెళ్ళింది. పదిహేను వందలు, ఏమీ లేదు. వెళ్ళనని లేదు, పట్టదని లేదు, ఏమీ లేదు. రూటర్ పేజీ తెరిచాను, పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాను, మూడోసారి తెరుచుకుంది, ఆ గడులన్నీ నేను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, చక్కగా, వరసగా. లోపాల సమాచారం పంపకు అన్నచోట టిక్కు తీసేశాను. మళ్ళీ పదిహేను వందల మూట. ఈసారి వెంటనే ఒక వాక్యం వచ్చింది, ఇది చాలా పెద్దది, చిన్న ముక్కలు చెయ్యి, అని. అది తప్పు చూపించే వాక్యమే. ఏ యంత్రం నన్ను తిట్టినా నాకు ఎప్పుడూ అంత సంతోషం కలగలేదు. డబ్బా పక్కకి తిరిగి, అయితే ఈ మాట ముందే చెప్పొచ్చు కదే, అన్నాను పైకే. చెప్పనిచ్చావా, అన్నట్టు దాని నాలుగో దీపం ఆగి ఆగి వెలుగుతోంది.

పదకొండు నలభై నాలుగు. ఇక వెళుతుంది. ఇక వెళ్ళలేదని చెప్పుకోవడానికి కూడా లేదు. తెర మీద ఉన్నది రెండు పేజీల ఉత్తరం, మూడోది పక్కన ఉంది, నేను తీసి పెట్టిన చోట. బరువు సాకు పోయింది. అటెండరు మొహం కనిపించింది, నా బల్ల కనిపించింది, ఇరవై ఆరేళ్ళుగా నేను గుచ్చిన ఫైళ్ళు, ఇంకో మనిషి నా కుర్చీలో కూర్చుని వాటి దుమ్ము దులపడం కనిపించింది. భయం వేసింది, చాలా భయం వేసింది. మంచినీళ్ళ గ్లాసు అందుకోబోతే అది అందలేదు. వాడికి మూడేళ్ళప్పుడు నా అరచేతిలో తగిలిన ఊపిరి తగిలింది. ఈ చేత్తోనే కదా. ఈ చేత్తోనే మూడో పేజీ మళ్ళీ చేర్చాను, ఇంకోసారి చదవలేదు, చదివితే దిద్దుతాను, దిద్దితే తగ్గిస్తాను. తీగ కత్తిరించింది నేనే, మెకానిక్ మూడుసార్లు హెచ్చరించాడు, మూడుసార్లూ నేనే దాచాను. పంపు. చక్రం ఒక్క చుట్టు తిరిగింది, సగం కూడా కాదేమో. మీ వాంగ్మూలం అందింది, అని వచ్చింది, కింద ఒక నంబరు. పదకొండు యాభై ఒకటి. నంబరు పిండికట్టు మీద రాసుకున్నాను, దగ్గర్లో కాగితం లేక.

తర్వాత నేనే వాడికి ఫోన్ చేశాను. ఈ వేళప్పుడు నేను ఎప్పుడూ చెయ్యను, అందుకే కంగారుగా ఎత్తాడు.

"ఏమైందక్కా? పడ్డావా?"

"పడలేదు. నువ్వు మాట్లాడకు, నేను చెప్పేది విను."

మొత్తం చెప్పాను. కత్తెర, టేపు, దారం, చీటీలు, మూడో పేజీ తీసెయ్యడం, మళ్ళీ పెట్టడం, అంతా, ఊపిరి తీసుకోకుండా. చివరికి నా మాటలు అయిపోయాయి.

"తెలుసక్కా," అన్నాడు.

"ఏం తెలుసు?"

"తీగ నువ్వే కోశావని. మొదటి నెల పలక విప్పిన రోజే. అంత ఒద్దికగా టేపు చుట్టి, మడిచి, పైన రెండు చెవుల ముడి వేసే పనివాడు ఎవడున్నాడు? నా సైకిల్ గంటకి వేసిందీ అదే ముడి."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"మరి మూడు నెలలు ఎందుకు చెప్పలేదురా? నిన్ను పనిలోంచి తీసేస్తామంటుంటే కూడా ఎందుకు చెప్పలేదు?"

"నువ్వేగా," అన్నాడు, నవ్వబోయినట్టున్నాడు, "చప్పుడు చెయ్యొద్దనేదానివి."

నవ్వు రాలేదు వాడికి. ఫోన్లో ఏదో వినిపించింది, మొదట అదేమిటో తెలియలేదు, తలుపు గీరుకున్నట్టుంది, ఆగింది, మళ్ళీ వచ్చింది, నలభై రెండేళ్ళ మనిషి, ఎలా ఏడవాలో తెలియనివాడు, ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కుంటున్నాడు. ఊరుకోరా బంగారం అన్న మాట అలవాటుగా నా నాలుక చివరికి వచ్చేసింది. మింగేశాను.

"ఏడువురా," అన్నాను. "గట్టిగానే ఏడువు. ఇంట్లో ఎవరూ నిద్రపోవడం లేదు."